పెద్దవాళ్ళు ముగ్గురు

ఆ వేసవిలో నా ప్రాణం తోడేసిన మాట ఒకటుంది. పెద్దవాళ్ళు. తిట్టు కాదు, నలుగురిలో అనకూడని మాట అసలే కాదు. అయినా ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఆ మాట అంటే, ఏ పెద్దవాళ్ళు, వయసులోనా, హోదాలోనా, లేక పిల్లలు కాకపోతే చాలా అని అడగకుండా ఉండలేను. నన్ను అదోలా చూస్తారు. చూడనీ.

మాది చిన్న వ్యాపారం. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఒక లాడ్జి ముందు హాల్లో, మెట్ల పక్క మూలన, ఒక టేబుల్, మూడు కుర్చీలు, ఒక ఫోను. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళకి పూటకో, రోజుకో, మహా అయితే రోజున్నరకో సరిపడా తిరుగుడు కుదిర్చిపెట్టడం మా పని. వ్యాను మా ఆయన నడుపుతాడు. ఫోను మా అత్తయ్య ఎత్తుతుంది. ఎవరిని ఎక్కడికి, ఏ వరసలో, ఎంతసేపు తీసుకెళ్ళాలో నేను చూసుకుంటాను. చూసుకునేదాన్ని.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఊళ్ళో చూడాల్సినవి అందరికీ తెలిసినవే. మ్యూజియం, క్లాక్ టవర్, నది ఒడ్డు, పాత బజారు, ఊరి చివర పెద్ద తోట. కానీ చూసే మనిషిని బట్టి అవే చోట్లు మారిపోతాయి. చంటిపిల్లలతో వచ్చినవాళ్ళకి మ్యూజియం అంటే పిల్లలు పరుగెత్తడానికి పొడుగాటి వరండా. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఏ చోటైనా ఒకటే, జనం తక్కువుంటే చాలు. ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కాల్సినవాళ్ళు ఏ బొమ్మ ముందు నిలబెట్టినా చేతి గడియారమే చూస్తుంటారు. ఆస్పత్రి పనిమీద వచ్చి, రిపోర్టులు రేపిస్తామంటే ఏం చెయ్యాలో తోచక మా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళని గైడు గొంతు చించుకునే చోటికి పంపకూడదు, నది ఒడ్డుకి పంపి వదిలెయ్యాలి. ఇక మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఊరంటే బాత్రూములు, నీడ, కూర్చోవడానికి బెంచీ. మిగతా అందమంతా ఆ మూడింటి మధ్యలో ఇమడాలి. మ్యూజియం పై అంతస్తు బాత్రూముకి గొళ్ళెం పడదని నాకు తెలుసు. తోట వెనక గేటు దగ్గర బెంచీకి సాయంత్రం దాకా ఎండ తగలదనీ తెలుసు. వచ్చేది ఎవరో ఒక్కటి తెలిస్తే చాలు, వాళ్ళ రోజు పాడవకుండా నేను కుదిర్చిపెడతాను.

ఆ ఒక్కటే నాకు తెలిసేది కాదు. ఎందుకంటే ఫోను అత్తయ్య దగ్గరుండేది.

అత్తయ్యకి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. లాడ్జి పై అంతస్తులో ఎవరు గొణుక్కున్నా ఆవిడకి తెలిసిపోతుంది. మాట కూడా తియ్యగా ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే, ఎదుటివాళ్ళని ఏదీ అడగదు. అడగటం ఆవిడ దృష్టిలో మర్యాద తక్కువ పని. వాళ్ళు చెప్పింది వింటుంది, విన్నది చీటీ మీద రాస్తుంది, చెప్పనిది వాళ్ళిష్టం అంటుంది. ఇంట్లోనూ అంతే. అన్నం తింటావా అని అడిగిన పాపాన పోలేదు. కంచం పెట్టేస్తుంది, తింటే తింటాం.

ఆ సీజన్ మొదలవుతూనే ఒక చీటీ నా ముందుకొచ్చింది. "పెద్దవాళ్ళు నలుగురు, ఒక రోజు." పాపం ఎవరో వయసు మళ్ళినవాళ్ళు అనుకున్నాను. వ్యానులో మడత స్టూళ్ళు పెట్టించాను. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోయించాను. మ్యూజియంలో కింది అంతస్తు మాత్రమే, నది ఒడ్డున నీడలో చాలాసేపు విశ్రాంతి, టవర్‌ని కిందినుంచే చూడటం. చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళు మెట్లు రెండేసి దూకుతూ దిగారు. ఒక్కొక్కడి వీపు మీద ఒక్కో పెద్ద సంచీ. వస్తూనే టవర్ పైదాకా ఎక్కనిస్తారా అని అడిగారు. అందులో ఒకడు వ్యాను తలుపు తీసి, లోపల పేర్చిన స్టూళ్ళు చూసి, "ఇవెవరికండీ?" అన్నాడు. మా ఆయన నా వంక చూశాడు. నేను అత్తయ్య వంక చూశాను. ఆవిడ చీరకొంగుతో ఫోను తుడుచుకుంటోంది.

వాళ్ళని ఎలాగోలా సర్ది పంపించాక అడిగాను.

"అత్తయ్యా, పెద్దవాళ్ళు అని రాశారేంటి?"

"అతనన్నదే రాశాను. పిల్లలెవరూ లేరండీ, అందరం పెద్దవాళ్ళమే అన్నాడు."

"నేను వయసైపోయినవాళ్ళనుకున్నాను."

"నువ్వనుకుంటే నేనేం చెయ్యను? గడ్డాలొచ్చినవాళ్ళని పట్టుకుని పిల్లలని రాయనా?"

మా అత్తయ్యతో వచ్చిన తంటాయే అది. ఆవిడ మాటలో తప్పు దొరకదు. దానివల్ల జరిగేదాంట్లో మాత్రం తప్పు తప్ప ఇంకోటి ఉండదు.

మరి కొన్నాళ్ళకే ఇంకో చీటీ. "పెద్దవాళ్ళు ఇద్దరు." ఈసారి నేను తెలివిమీరి, టవర్ పైదాకా ఎక్కించే తిరుగుడు వేశాను. వచ్చినవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచే ముసలి దంపతులు. మా ఆయన వాళ్ళని టవర్ గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఆ మెట్లు చూపించి, వెనక్కి తీసుకొచ్చాడు. ముసలాయన దిగిపోతూ, "ఇదంతా మమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి కాదుగా అమ్మా?" అన్నాడు. ఆ మాటకి నాకు తల తీసేసినట్టయింది.

"వయసెంతండీ అని ఒక్క ముక్క అడగండి అత్తయ్యా. మీకు పుణ్యముంటుంది," అన్నాను.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళని వయసడుగుతారా ఎవరైనా?"

"పనికోసమే కదా."

"సరేలే, అడుగుతాను."

అడిగింది. నా ఎదురుగానే అడిగింది. "ఏమండీ, మీ వయసెంతో మా కోడలు కనుక్కోమంటోంది. మీరేమీ అనుకోకండి, తను అలాగే అంటుంటుంది." అవతలివాళ్ళు ఫోను పెట్టేశారు. "పెట్టేశారు," అంది అత్తయ్య, పందెం గెలిచినదానిలా.

పోనీ ఫోను నా వైపు జరపండి, నేనే ఎత్తుతాను అన్నాను. "నువ్వు నీ పని చూసుకో, పాపం నీకే బోలెడు పని," అంది. మా ఆయనకి చెప్పి చూశాను. "అది మీ ఇద్దరి మధ్య సంగతి," అన్నాడు. ఆ ఇంట్లో ఏ సంగతైనా ఎప్పుడూ మా ఇద్దరి మధ్యే ఉండేది. ఆయన వ్యానులో ఉండేవాడు.

రోడ్డుకి అవతలివైపు ఎర్ర బస్సుల కంపెనీ ఉండేది. ఒకే బస్సు, ఒకే దారి, ఒక్క రోజులో ఊరంతా. పొద్దున ఎక్కినవాళ్ళు సాయంత్రానికి పిల్లలు ఏడుస్తూ, పెళ్ళాలు మొగుళ్ళతో మాట్లాడకుండా దిగేవాళ్ళు. దాని మేనేజర్ కళ్ళద్దాల మనిషి, నెమ్మదస్తుడు. ఒకరోజు మ్యూజియం గేటు దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అందర్నీ ఒకే బస్సులో కూరడం ఇక కుదిరేలా లేదండీ," అన్నాడు. "పిల్లలవాళ్ళకి వేరే, వయసైనవాళ్ళకి వేరే, తీరిక లేనివాళ్ళకి వేరే, చిన్న బళ్ళు పెడదామనుకుంటున్నాం. ఎవరికేది నప్పుతుందో చూసే మనిషి కావాలి. మిమ్మల్ని చాలా రోజులుగా గమనిస్తున్నాను. మీరొస్తే బావుంటుంది."

"మాకు మా టేబులుందిగా," అన్నాను.

"ఉందనుకోండి. సీజన్ అయ్యేలోపు ఆలోచించి చెప్పండి."

నేను వెళ్తే మా టేబుల్ గతేంటో నాకు తెలుసు. ఫోనూ వ్యానూ మిగులుతాయి, ఎటు వెళ్ళాలో తెలియని వ్యాను. మామయ్య పోయినప్పటినించీ అత్తయ్య పొద్దున్నే తయారై వచ్చి కూర్చునే చోటు అదొక్కటే. అది మూతపడితే ఆవిడ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అలాగని వెళ్ళకుండా ఉంటే, పెద్దవాళ్ళు నలుగురు, పెద్దవాళ్ళు ఇద్దరు అనే చీటీలు చదువుతూ నేను ఎప్పటికైనా పిచ్చిదాన్నవుతాను.

ఆ సాయంత్రం మా ఆయన వ్యాను కడుగుతుంటే చెప్పాను. బకెట్లో గుడ్డ పిండుతూ విన్నాడు.

"మంచిదేగా," అన్నాడు.

"అయితే వెళ్ళనా?"

"వెళ్ళాలనుంటే వెళ్ళు."

"వద్దా?"

"వద్దనుకుంటే వద్దు. నీ ఇష్టం."

"నా ఇష్టం సంగతి కాదు. మీకేమనిపిస్తోంది?"

కాసేపు అద్దం తుడిచాడు. "నాకేమనిపిస్తే ఏముందిలే," అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ బకెట్ ఎత్తి ఆయన నెత్తిన గుమ్మరిద్దామనిపించింది. నాకు ఉద్యోగం మీద అంత మోజేమీ లేదు. వెళ్ళకు అని ఆ ఇంట్లో ఎవరో ఒకరు అంటే వినాలని ఉంది. అంతే. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అంటే చాలు, జన్మంతా ఆ మూలన కూర్చుందును.

"అత్తయ్యకి చెప్పకండి," అన్నాను. "నేనెందుకు చెప్తాను," అన్నాడు. ఆ విషయంలో మాత్రం ఆయన్ని నమ్మొచ్చు.

సీజన్ సగం దాటాక లాడ్జి ఓనర్ గారు హాలు బాగుచేయించే ఆలోచనలో పడ్డారు. కొత్తగా వాటా తీసుకునేవాళ్ళు ఎవరో దొరికారట. మా మూల ఉంచుతారో తీసేస్తారో వాళ్ళు వచ్చి చూశాక తేలుతుందని లాడ్జిలో అందరూ అనుకుంటున్నారు. ఒకరోజు ఆయన మెట్లు దిగుతూ, ఆగకుండానే, అత్తయ్యతో అన్నారు. "అమ్మగారూ, రేపు మన పెద్దవాళ్ళు వస్తున్నారు, ముగ్గురు. ఊరు చూపించండి. బాగా చూసుకోవాలి, మీకు వేరే చెప్పక్కర్లేదు." అత్తయ్య అలాగేనంది. వేరే చెప్పలేదు, వేరే అడగలేదు.

ఆరోజే ఫోను మోగింది. రేపటికే ఇంకో ముగ్గురు.

నేను బయటి పని చూసుకుని వచ్చేసరికి టేబుల్ మీద రెండు చీటీలున్నాయి. ఒకదాంట్లో "పెద్దవాళ్ళు ముగ్గురు, ఓనర్ గారి తాలూకు" అని, రెండోదాంట్లో "పెద్దవాళ్ళు ముగ్గురు" అని.

"అత్తయ్యా, ఈ రెండింటికీ తేడా ఏంటి?"

"ఒకళ్ళు ఓనర్ గారి తాలూకు. రాశానుగా."

"అది సరే. వీళ్ళలో ముసలివాళ్ళెవరు?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఓనర్ గారి వాళ్ళని పట్టుకుని ముసలివాళ్ళంటావా? ఆయన చెవినపడితే ఏమైనా ఉందా?"

ఇక చేతులెత్తేసి నా బుర్రకి పని చెప్పాను. ఓనర్ గారికే అరవై దాటాయి. మన పెద్దవాళ్ళు అన్నారంటే వాళ్ళ పెదనాన్నో, మేనత్తో అయ్యుండాలి. బాగా చూసుకోమన్నారు కూడా. వాళ్ళకి వ్యాను, స్టూళ్ళు, ఫ్లాస్కు, నది ఒడ్డు. ఎక్కడ ఎంతసేపు కూర్చోబెట్టాలో కూడా విడమరిచి రాసి మా ఆయన చేతికిచ్చాను. రెండో ముగ్గురూ ఫోనులో పిల్లలు లేరని చెప్పుకున్న మామూలు మనుషులై ఉంటారు. వాళ్ళకి నడక. టవర్ ఎక్కి, బజారంతా చుట్టి, మ్యూజియం పై అంతస్తు దాకా. పొద్దున్నే టవర్ గేటు దగ్గరికి రమ్మని కబురు పంపి, నేనే తోడు వెళ్తానన్నాను.

మర్నాడు టవర్ గేటు దగ్గర సిటీ బస్సు ఆగింది. ముందు ఒక చేతికర్ర దిగింది. తర్వాత దాని వెనక ఒక ముసలాయన. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, ఆయనకంటే పెద్దవాళ్ళు, ఒకరినొకరు పట్టుకుని. నేను గేటు కమ్మీ పట్టుకున్నాను.

"నువ్వేనా అమ్మా మాకు ఊరు చూపించే అమ్మాయివి?" అంది పెద్దావిడ. "వీడు మా తమ్ముడు, ఇది మా చెల్లెలు. దీని మాట పట్టించుకోకు."

"నా మాట పట్టించుకోకపోతే ఎవరి మాట పట్టించుకుంటుంది?" అంది చెల్లెలు.

మా ఆయనకి ఫోన్ చేశాను. బండి నడిపేటప్పుడు ఆయన ఫోనెత్తడు. దిగాక ఎవరు చేశారో చూసుకోడు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. ఉలుకూ పలుకూ లేదు. చివరికి టేబుల్‌కే చేశాను.

"అత్తయ్యా, ఓనర్ గారి వాళ్ళు వచ్చారా? ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు."

"అది కాదు. వయసులో ఎలా ఉన్నారు?"

"నేనడగలేదు."

"అడక్కండి. చూశారుగా. చూడ్డానికి ఎలా ఉన్నారు?"

"సూట్లు వేసుకున్నారు. ఒకతను వ్యాను దాకా వెళ్ళేలోపు మూడు ఫోన్లు మాట్లాడాడు. చకచకా ఉన్నారు."

చకచకా ఉన్నవాళ్ళు స్టూళ్ళ మీద, స్టూళ్ళు కావలసినవాళ్ళు నా ముందు. లాడ్జిలో వాటా తీసుకునేవాళ్ళు వీళ్ళేనని, కొంప మునిగిందని అర్థమైపోయింది. అప్పటికి చెయ్యగలిగింది కూడా ఏమీ లేదు.

నా ముందున్నవాళ్ళనైనా ఏదో నీడపట్టుకి తీసుకెళ్దామని, తోటకి వెళ్దామా అన్నాను. తమ్ముడు కర్ర ఎత్తి టవర్ పైకి చూపించాడు. అది ఎక్కాలట. చిన్నప్పుడు ఒకసారి తీసుకొచ్చి, నువ్వు చిన్నవాడివి ఎక్కలేవని కింద కూర్చోబెట్టి వీళ్ళిద్దరే ఎక్కారట. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చాలా మెట్లండీ, మలుపులండీ, చీకటండీ అన్నాను. ఆయన వినలేదు. సరే, పదండి అన్నాను. ప్రతి మలుపు దగ్గరా కూర్చున్నాం. కూర్చున్న ప్రతిచోటా అక్కాచెల్లెళ్ళు, ఆరోజు తమ్ముణ్ణి కింద వదిలెయ్యమన్నది నువ్వంటే నువ్వని పోట్లాడుకున్నారు. తీర్పు చెప్పమని నన్ను అడిగారు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ముసలాయన కమ్మీ పట్టుకుని చూసినంతసేపు చూసి, "ఇంతేనా?" అన్నాడు. దిగడానికి మిగతా రోజంతా పట్టింది. ఊళ్ళో ఇంకేమీ చూడలేదు. వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకుని, చాలా బాగా చూపించావమ్మా అన్నారు ముగ్గురూ. అందుకైనా సంతోషించే ఓపిక నాలో మిగల్లేదు.

సాయంత్రం లాడ్జికి వచ్చేసరికి మా ఆయన వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు. జరిగింది కొంచెం కొంచెంగా ఆయన్నించి లాగాను. నేను రాసిచ్చింది రాసిచ్చినట్టు చేశాడు. నది ఒడ్డున స్టూళ్ళు వేసి కూర్చోబెట్టాడు. వాళ్ళు వెళ్దామంటే, ఇంకా టైముందండీ, కూర్చోవాలి అన్నాడు. ఆగిన ప్రతిచోటా బాత్రూమ్‌కి వెళ్తారా అని అడిగాడు. టవర్ ఎక్కుతామంటే మీరు ఎక్కకూడదన్నాడు.

"సూట్లు వేసుకున్నారు కదండీ. చూస్తే తెలియలేదా?"

"నువ్వు రాశావుగా. ఏదో కారణం ఉంటుందనుకున్నాను."

లోపల ఓనర్ గారు మా టేబుల్ ముందు నిలబడి ఉన్నారు. అత్తయ్య కూర్చోలేదు.

"పెద్దవాళ్ళొస్తున్నారు, పెద్దవాళ్ళలాగా చూసుకోండి అంటే ముసలివాళ్ళని చేసి కూర్చోబెట్టారు," అన్నారాయన. "వాళ్ళకి నా మొహం ఎలా చూపించను? అసలు ఇది రాసిందెవరు?"

ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే బావుండునని సీజన్ మొదలైనప్పటినించీ ఎదురుచూస్తున్నాను. తీరా అడిగాక అత్తయ్యని చూశాను. ఆవిడ చెయ్యి ఫోను మీదుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకునుంది.

"రాసింది మా అత్తయ్య. ప్లాను వేసింది నేను. అసలు మాట చెప్పింది మీరు," అన్నాను. "వాటాదారులు అని ఒక్క మాట చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆవిడ మీద కేకలెయ్యకండి. ఆవిడ మీరన్న మాట మీరన్నట్టే రాసింది."

"సీజన్ అయ్యాక ఈ మూల ఖాళీ చెయ్యండి," అని ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు. గొంతు పెంచలేదు. పెంచుంటే నేనూ ఇంకో నాలుగు అనేదాన్ని.

అత్తయ్య మెల్లిగా కుర్చీలో కూర్చుంది. పోనీలే, నా పక్షాన నిలబడ్డావు అంటుందేమో అనుకున్నాను.

"పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?" అంది.

నేను బయటికొచ్చేశాను. మా ఆయన ఏమైందన్నాడు. ఏమీ కాలేదు, రేపు బస్సుల కంపెనీలో చేరతానని చెప్పొస్తాను అన్నాను. ఆయన తలూపాడు. ఊపిన తల కాసేపు పైకెత్తలేదు.

మర్నాడు మేనేజర్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రండి, రండి. మీ కుర్చీ కూడా వచ్చేసింది," అన్నాడు.

కిటికీ పక్కన కొత్త టేబుల్, వీపు ఆనించుకునే కుర్చీ, టేబుల్ మీద ఫోను. నాకేమీ అర్థం కాలేదు.

"నేనింకా ఒప్పుకోలేదు కదండీ?"

"మీ అత్తగారు అన్నీ మాట్లాడేశారుగా. మొన్నటిదాకా ఫోన్ చేస్తూనే ఉన్నారు." ఆయన వేళ్ళు మడిచాడు. "ఆదివారం మిమ్మల్ని రమ్మనకూడదు. మీకు నడుం నొప్పి, స్టూలు పనికిరాదు, కుర్చీకి వీపుండాలి. ఎండలో నిలబెట్టకూడదు. ఫోను మీ టేబుల్ మీదే ఉండాలి, అది మీరు తప్ప ఇంకెవరూ ఎత్తకూడదు. ఈ చివరిది మాత్రం రెండుసార్లు చెప్పారు. ఎందుకండీ అంటే, మీకు తెలీదు, అంతా దాంట్లోనే ఉంది అన్నారు."

ఆయన నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, అది ఆయనకి కనపడనివ్వలేదు. సాయంత్రం చెప్తానని చెప్పి నేరుగా ఇంటికి వెళ్ళాను.

ఆ పొద్దున అత్తయ్య లాడ్జికి వెళ్ళలేదు, వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతోంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఏది? ఉద్యోగమా? అతను మొట్టమొదట ఫోన్ చేసింది మన టేబుల్‌కే కదా. నువ్వు బయటున్నావు. మీ కోడలు చాలా తెలివైనవారండీ అన్నాడు. నాకు తెలుసన్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు నాకు చెప్పావా?"

ఇందులోనూ తప్పు దొరకలేదు. నా గొంతు పెరిగింది.

"నన్ను పంపించేద్దామనే కదా? నా పోరు పడలేకే కదా? కుర్చీతో సహా మాట్లాడి పెట్టారు. నేనుంటానేమో, నాకుండాలనుందేమో, ఒక్కసారైనా అనుకున్నారా?"

ఆవిడ చేతిలో ముక్క పక్కన పెట్టింది. నా వైపు చూడలేదు.

"ఉండమంటే ఉంటావు, నాకు తెలుసు. ఉండి పొద్దస్తమానం నా చీటీలు చదివి పళ్ళు నూరుకుంటావు. అంత పనితనం ఉన్నదానివి, నా మూలంగా ఆ మూలనే ముసలిదానివైపోతావు. ఎందుకొచ్చింది?"

"అయినా ఒక్కసారి ఉండమని అడగొచ్చుగా అత్తయ్యా. అడిగుంటే నాకు బావుండేది."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"అడగటం నాకు రాదని నువ్వే అంటావుగా," అంది.

ఆవిడ ముందు పీట వాల్చుకుని కూర్చున్నాను. ఇద్దరం ఆ కూరలన్నీ తరిగాం. ఇంట్లో ఉన్న ముగ్గురం తినగలిగినదానికంటే ఎక్కువే తరిగాం.

సీజన్ చివర్లో లాడ్జి మూల ఖాళీ చేశాం. టేబుల్‌ని మా ఇంటి ముందు గదిలో వేసుకున్నాం. ఫోను దానిమీదే పెట్టుకుంది అత్తయ్య. వ్యాను ఇంటి ముందే ఉంటుంది, మా ఆయన దాంట్లో ఉంటాడు. ఎవరైనా వస్తారా రారా తెలీదు.

నేను కంపెనీలో చేరిన మొదటిరోజే, ఇంకా డ్రాయరు తాళం ఎటు తిప్పాలో చూసుకుంటుండగా నా ఫోను మోగింది.

"ఏమ్మా, ముగ్గురొచ్చారు. ఒకావిడకి మోకాళ్ళు బాగాలేవు, డెబ్భై రెండట. ఎక్కడికి పంపను?"

"వయసడిగారా?"

"నేనెందుకడుగుతాను? ఆవిడే చెప్పింది. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను, తనంతట తనే చెప్పింది."

"అత్తయ్యా, నేనిప్పుడు వేరే కంపెనీలో పనిచేస్తున్నాను. మీ ప్లాను నేను వెయ్యకూడదు."

"తెలుసులే. తొందరగా చెప్పు, పాపం వాళ్ళు చూస్తున్నారు."

అద్దాల గదిలో మేనేజర్ తలవంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పాను. ముందు తోట, వెనక గేటు నుంచి. తర్వాత మ్యూజియం, కింది అంతస్తు వరకే. ఆవిడ ఒక్కొక్క మాటా పలుకుతూ రాసుకుంది. అయిపోయాక పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. అవతల గదిలో ఎవరో దగ్గారు. అత్తయ్య గొంతు సవరించుకుంది.

"సాయంత్రం ఎన్నింటికొస్తావు?" అని అడిగింది.

ఆరింటికి, అన్నాను. ఆరున్నర దాకా ఉండాలని మేనేజర్ పొద్దున్నే చెప్పాడు.